మబ్బు మీద విమానం నీడ

విమానాల షెడ్డు పక్క గది,
జూన్ 9

మామయ్య గారికి,

నేను బాగున్నాను. ఈ మాట మొదటే రాస్తున్నాను. చివర కూడా రాస్తాను, ఎందుకంటే మీరు ఉత్తరాలు కింది నుంచి పైకి చదువుతారని అత్తయ్య చెప్పింది. ఇంటికి కాకుండా కొట్టు అడ్రసుకి ఎందుకు రాశానో మీకు చెప్పక్కర్లేదు. ఇంటికి రాస్తే అత్తయ్య మీకన్నా ముందే చదివి, చేతిసంచీ పుచ్చుకుని బస్సెక్కేస్తుంది.

పోయిన మంగళవారం గాల్లో ఉండగా నా ఇంజన్ ఆగిపోయింది.

ఫోన్ చేద్దామంటే, నలభై ఏళ్ళు ఇంజన్ల పక్కన నిలబడ్డ మీ చెవులకి ఇదంతా నేను అరిచి చెప్పాలి. ఇది అరిచి చెప్పే విషయం కాదు.

పక్క సీట్లో సర్వేయరు గారున్నారు. మంచి మనిషే గానీ చక్రాలు నేల విడిచీ విడవగానే నిద్రపోతారు. కొలవాల్సిన భూమి రాగానే నేను మోచేత్తో పొడిచి లేపాలి. ఆరువేల అడుగుల ఎత్తులో ఉన్నాం. కింద మబ్బు దుప్పటి పరిచినట్టుంది. ఇంజన్ రెండుసార్లు దగ్గింది, గొంతు సవరించుకున్నట్టు. మూడోసారి దగ్గబోయి మానేసింది.

ఆ తర్వాత ఎంత నిశ్శబ్దమో! ప్రొపెల్లర్ మాత్రం గాలికి ఊరికే తిరుగుతోంది, పనిలేని మనిషి బొటనవేళ్ళు తిప్పుకున్నట్టు. ఇన్నేళ్ళ నుంచీ ఇంజన్ మోతలో నిద్రపోయిన సర్వేయరు గారు ఆ నిశ్శబ్దానికి లేచి కూర్చున్నారు.

"ఏమ్మా, వచ్చేశామా?" అన్నారు.

"వస్తున్నామండీ," అన్నాను.

ఇంజన్ ఆగితే విమానం రాయిలా పడిపోతుందనుకుంటారు అందరూ. పడదు కదా మామయ్యా, జారుతుంది. ముక్కు కాస్త దించి, వేగం తగ్గకుండా పట్టుకుని కూర్చున్నాను. నేర్పినవన్నీ ఒకటొకటిగా చేశాను. ఇంజన్ పలకలేదు. రేడియోలో చెప్పాను. అప్పటికి మబ్బు మా కాళ్ళదాకా వచ్చింది. అందులోకి దిగాం. అంతా తెలుపు. ఎక్కడా పైనా లేదు, కిందా లేదు. ఎదురుగా ఉన్న మీటర్ల ముళ్ళని నమ్ముకుని దిగుతుంటే, అసలు కదులుతున్నామా లేక ఎవరి కలలోనో ఆగిపోయామా అనిపించింది. మబ్బు కింద కోత కోసేసిన పొలమొకటి ఖాళీగా ఉంది. అందులో దింపాను. మొత్తం తొమ్మిది నిమిషాలు.

నేల మెత్తన. ముందు చక్రం దిగబడి విరిగింది, ముక్కు మట్టిలో గుచ్చుకుంది, ఎడమ రెక్క కంచె గుంజకి తగిలి చీలిపోయింది. సర్వేయరు గారికి పెదవి చిట్లింది, అంతే. ఆయన దిగి, ఆ చీలిన రెక్కకే ఆనుకుని, నాలుగు అగ్గిపుల్లలు పాడుచేసి, అయిదోదానితో సిగరెట్ వెలిగించారు. "నడిచి వెళ్ళిపోదామమ్మా ఇక్కణ్ణించి," అన్నారు. పొలం మధ్యలో నాకు నవ్వాగలేదు.

ఈ విమానాలు నడిపించే మా పెద్దాయన నా భుజం తట్టాడు. షెడ్డులో అందరూ చప్పట్లు కొట్టారు. మీ అబ్బాయికి మాత్రం 'చిన్న ఇబ్బంది వచ్చి పొలంలో దిగాం' అని చెప్పాను. మీరూ అంతే చెప్పండి.

బాగున్నాను.

మీ కోడలు


కుట్టుమిషన్ల కొట్టు,
జూన్ 15

అమ్మాయ్,

ఉత్తరం కింది నుంచే చదివాను. 'బాగున్నాను' చూశాక కొట్టు ముందు బల్ల మీద కాసేపు కూర్చుని, అప్పుడు పైకి వెళ్ళాను. ఎదురింటి దర్జీ మిషన్ తీసుకెళ్ళడానికొచ్చి నా మొహం చూసి, రేపొస్తానని వెళ్ళిపోయాడు.

వేగం పోనివ్వకుండా పట్టుకున్నావు చూడు, అదే మిమ్మల్ని బతికించింది. ఎంతోమంది ఆ క్షణంలో ఎత్తు కోసం ముక్కు పైకి లాగుతారు. నువ్వు లాగలేదు. నా కోడలని గొప్ప చెప్పుకోవాలనుంది. మీ అత్తయ్యకి చెప్పకూడదు గనక బాబిన్లకి చెప్పుకుంటున్నాను.

ముసలి మెకానిక్‌ని కదా, అడక్కుండా ఉండలేను. దగ్గి ఆగిపోయిందన్నావు. ఆగేముందు ఇంజన్ వణికిందా, లేక నున్నగానే పోయిందా? పొలంలో దిగాక పెట్రోలు వాసన గట్టిగా వచ్చిందా?

దానికి రెండ్రోజుల ముందే మన మౌని కార్బురేటర్ విప్పి బిగించాడని విన్నాను. రోజుకి పది మాటలు దాటనివాడని ఆ పేరు పెట్టింది నేనే. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళలో వాడంత శుభ్రమైన చెయ్యి ఇంకొకటి లేదు. పెట్రోలునీ గాలినీ కలిపే ఆ చిన్న డబ్బాని వాడు పసిపిల్లకి నీళ్ళు పోసినట్టు కడుగుతాడు. వాణ్ణి అడిగానని చెప్పు.

నిద్రపడుతోందా?

మామయ్య


విమానాల షెడ్డు పక్క గది,
జులై 2

మామయ్య గారికి,

జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకండి. విచారణ వాళ్ళొచ్చారు. ఆ రాత్రంతా వాన పడిందేమో, వాళ్ళు పొలానికి వెళ్ళేసరికి అంతా బురద. ముక్కు మట్టిలో దిగబడ్డప్పుడు ఇంజన్ అడుగుభాగం నలిగి, కార్బురేటర్ ముక్కలైపోయింది. ఎడమ ట్యాంకు చీలి ఖాళీగా ఉంది, ఉన్నదంతా నేల తాగేసిందని రాసుకున్నారు. కుడి ట్యాంకులో పెట్రోలు ఉంది. ట్యాంకులు మార్చే మీట కుడివైపే ఉంది. పెట్రోలు అందుతున్నా ఇంజన్ ఆగిందంటే కార్బురేటర్ తప్ప ఇంకేముంటుందని వాళ్ళ లెక్క.

అందుకని మౌని గారిని విచారణ తేలేదాకా పనికి రావద్దన్నారు. నన్ను అడిగినవాటికి నేను జవాబు చెప్పాను. అడగనివి నేనెలా చెప్పగలను?

వాసన సంగతి గుర్తులేదు మామయ్యా. ఆ కంగారులో ఎవరికి గుర్తుంటుంది?

నిద్ర పడుతోంది. అదే చిక్కు. పట్టగానే మళ్ళీ జారడం మొదలవుతుంది. కలలో ఆ తెల్లటి మబ్బు ఎంతకీ అయిపోదు. భయం వెయ్యదు. మెత్తగా, హాయిగా ఉంటుంది. ఎవరో పక్క సీట్లో కూర్చుని "వచ్చేశామా?" అని అడుగుతుంటారు. సర్వేయరు గారనుకుని తిరిగితే ఎవరూ ఉండరు. లేచాక మాత్రం నోరు చేదుగా ఉంటుంది.

మళ్ళీ ఎక్కలేదింకా. రెండో విమానం ఖాళీగానే ఉంది. మొన్న ఎండెక్కువని మానేశాను, నిన్న గాలి ఎక్కువని. ఇవాళ రెండూ లేవు, తలనొప్పి వచ్చింది.

మీ అబ్బాయి రోజూ ఇరవైమంది కళ్ళలోకి లైటు వేసి చూస్తాడు. నావి చూసి, "కాస్త ఎర్రబడ్డాయి, చల్లనీళ్ళతో కడుక్కో," అన్నాడు.

మీ కోడలు


కుట్టుమిషన్ల కొట్టు,
జులై 14

అమ్మాయ్,

ఇక్కడ వానలు. తడికి మిషన్ల చక్రాలు బిగుసుకుని, కొట్టు నిండా పని. చెయ్యి సాయానికి మనిషి దొరికాడు. ఎవరనుకున్నావు? మౌని.

పోయిన సోమవారం తలుపు తీసేసరికి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. "గురువు గారూ, కొన్నాళ్ళు ఇక్కడ పనిచేసుకోనా?" అన్నాడు. ఆ పూటకి వాడి మాటలు అయిపోయాయి. వెనక వీధిలో గది తీసుకున్నాడు.

మనిషి మారిపోయాడమ్మా. విమానం ఇంజన్‌ని కళ్ళు మూసుకుని విప్పి బిగించేవాడు, కుట్టుమిషన్ సూది బిగించి నాలుగుసార్లు చూసుకుంటున్నాడు. దర్జీ వచ్చి తీసుకుని వీధి చివరిదాకా వెళ్ళాక, వెనకాల పరిగెత్తి, ఆపి, అయిదోసారి చూశాడు. నిన్న భోజనం దగ్గర ముద్ద చేతిలో పట్టుకుని, "కార్బురేటర్ అడుగునున్న మర ఊడకుండా తీగ చుట్టానో లేదో," అన్నాడు. చుట్టే ఉంటావురా అన్నాను. "చుట్టినట్టు కళ్ళకి కనిపిస్తోంది. కానీ అది ఆ రోజుదో, అంతకుముందు రోజుదో తెలియట్లేదు," అన్నాడు. అంత పొడుగు మాట వాడి నోట ఇరవై ఏళ్ళలో వినలేదు. వినడమంటే, పెదవులు చూసి తెలుసుకున్నాననుకో.

నిన్ను గురించి అడిగాడు. పెద్దగా దెబ్బలేం తగల్లేదు కదా అన్నాడు. లేదన్నాను. "నా చేతిలో రెండు ప్రాణాలు పోవాల్సింది," అన్నాడు.

మీ అత్తయ్యకి విషయం కాస్త తెలిసింది. నాతో రెండ్రోజులు మాట్లాడలేదు. నాకు తేడా తెలియలేదని మూడో రోజు ఇంకా కోప్పడింది.

మామయ్య


విమానాల షెడ్డు పక్క గది,
జులై 20

మామయ్య గారికి,

ఆయనకి మీరు పని ఇచ్చినందుకు సంతోషం. కానీ ఉత్తరమంతా ఆయన సంగతే రాస్తే నేనేం చెయ్యాలి? విచారణ నా చేతిలో ఉందా? ఇంకా ఆయన తప్పని ఎవరూ తేల్చలేదు కూడా. తేలితే తేలుతుంది, లేకపోతే లేదు. చచ్చి బతికింది నేను. నా సంగతి అడిగేవాళ్ళు లేరు.

ఇక్కడంతా మామూలే.

కోడలు


కుట్టుమిషన్ల కొట్టు,
జులై 24

అమ్మాయ్,

సరేనమ్మా, ఇక రాయను.

వానలు తగ్గాయి. సాయంత్రం మబ్బులు ఎర్రగా, పింజ పింజగా ఉంటున్నాయి. కొట్టు కట్టేసి కాసేపు వాటిని చూసి ఇంటికెళుతున్నాను. నీ ఆరోగ్యం జాగ్రత్త.

మామయ్య


విమానాల షెడ్డు పక్క గది,
జులై 28

మామయ్యా,

మీ ఉత్తరం మూడు వరుసలే ఉంది. దాన్ని మూడు రోజులు చదివాను.

ఇప్పుడు రాసేది పూర్తిగా చదివాక నన్ను కోడలనుకోవాలో వద్దో మీ ఇష్టం.

మా విమానానికి రెండు రెక్కల్లో రెండు ట్యాంకులని మీకు తెలుసు. నా ఎడమ మోకాలి పక్కన చిన్న మీట. అది ఎటు తిప్పితే ఆ ట్యాంకు పెట్రోలు ఇంజన్‌కి వెళుతుంది. అరగంటకోసారి మార్చుకోవాలి. సర్వేయరు గారి సామాను బరువని ఆ రోజు ట్యాంకులు సగం సగమే నింపాం. ఎడమదాని మీద బయల్దేరాను. అరగంటకి గడియారం చూశాను. మీట మీద చెయ్యి వెయ్యబోతూ పక్కకి చూశాను.

కింద మబ్బు మీద మా విమానం నీడ పడింది. నీడ చుట్టూ గుండ్రంగా ఇంద్రధనుస్సు. ఇంద్రధనుస్సు విల్లులా ఉంటుందనే ఎప్పుడూ చూశాం కదా, ఇది నిండు వలయం. మధ్యలో చిన్న నల్లటి విమానం, అందులో ఎక్కడో నేను. మబ్బు పైకి ఉబికినచోట దగ్గరికొచ్చి పెద్దదయ్యేది, లోయలా ఉన్నచోట దూరంగా జారి చిన్నదయ్యేది. మాతోపాటే వస్తోంది. ఎవరో నన్ను చూసి, గుర్తుపట్టి, వెంట నడుస్తున్నట్టు. చిన్నప్పుడు జ్వరంలో మా అమ్మ నుదుటి మీద చెయ్యేసి కూర్చుంటే ఇలా ఉండేది. ఇంకెప్పుడూ ఉండలేదు.

'ఈ మబ్బు దాటాక మారుద్దాం' అనుకున్నాను. ఆ మబ్బు అయిపోలేదు. మారుద్దామనుకోవడమూ మార్చడమూ నా బుర్రలో ఎప్పుడు ఒకటైపోయాయో తెలియదు. ఇంజన్ దగ్గినప్పుడు అన్నీ ముట్టుకున్నాను. పంపు వేశాను, అన్ని మీటలూ లాగి చూశాను. దాన్నొక్కదాన్ని వదిలేశాను. 'అది మార్చేశాను కదా' అనుకున్నాను. తొమ్మిది నిమిషాలు, మామయ్యా. మోకాలి పక్కనే ఉంది. తిప్పితే ఇంజన్ లేచేది.

దిగాక సర్వేయరు గారు బయటికెళ్ళారు. నేను అన్నీ ఆపేస్తూ చెయ్యి కిందికి పెట్టాను. మీట ఎడమవైపే ఉంది.

ఇక్కడిదాకా పొరపాటే. ఆ తర్వాతది పొరపాటు కాదు. దాన్ని కుడివైపు తిప్పాను. ఎవరూ చూడలేదు. ఎందుకు తిప్పానో నాకు చెప్పడం రాదు. పడిపోయిన గిన్నెని ఎవరూ చూడకముందే తీసి పైన పెట్టేసినట్టు, చెయ్యి దానంతటదే తిప్పేసింది. కానీ విచారణ వాళ్ళు "మీట ఎటుంది?" అని అడిగినప్పుడు "కుడివైపు" అన్నది నా చెయ్యి కాదు, నా నోరు.

ఏం చెయ్యాలో నాకు తెలుసు. చెప్పమని మిమ్మల్ని అడగట్లేదు. మీకు ముందు చెప్పాలనిపించింది.

మీ కోడలు


కుట్టుమిషన్ల కొట్టు,
ఆగస్టు 2

అమ్మాయ్,

నాకు తెలుసు.

నీ మొదటి ఉత్తరం రెండోసారి చదివినప్పుడే తెలిసింది. సగం నిండిన ట్యాంకు చీలిన రెక్కకి ఆనుకుని సర్వేయరు గారు సిగరెట్ ఎలా వెలిగించాడు? అయిదు అగ్గిపుల్లలు గీశాడన్నావు. అందులో పెట్రోలుంటే మొదటి పుల్లకే మీ ఇద్దరూ లేరు. ట్యాంకు చీలకముందే ఎండిపోయింది. అందుకే వాసన సంగతి అడిగాను. గుర్తులేదని నువ్వు రాసిన రోజు ఇక అనుమానం లేకుండా పోయింది.

మీట కుడివైపుకి ఎలా వచ్చిందో ఊహించుకోగలను. ఊహించుకోకుండా ఉండడానికే ప్రయత్నించాను.

ఇలాంటప్పుడు పెద్దవాళ్ళు 'నేనూ ఒకప్పుడు ఇలాగే చేశాను' అని ఓదార్చే మాటొకటి చెబుతారు. నా దగ్గర అలాంటిది లేదు. పనిలో తప్పులు చేశాను, చేసినరోజే చెప్పాను, తిట్లు తిన్నాను. నా తప్పు ఈ వయసులో, ఈ కొట్టులో జరిగింది. మౌని నా ఎదురుగా కూర్చుని, తన చేతుల్ని తనే నమ్మలేక సూదిలో దారం ఎక్కించడానికి అవస్థపడుతుంటే, నేను చూస్తూ కూర్చున్నాను. ఒక్క మాట చెబితే వాడు ఆ రాత్రి నిద్రపోయేవాడు. చెప్పలేదు. నువ్వు నా ఇంటి పిల్లవి, వాడు బయటివాడు. ఇన్నేళ్ళూ వాణ్ణి కొడుకులాంటివాడని నలుగురి దగ్గరా చెప్పుకున్నాను. 'లాంటి' అన్న మాట ఎంత దూరమో ఈ నెలన్నరలో తెలిసింది.

నువ్వే చెప్పాలని ఎదురుచూశాననీ, అది నీకోసమేననీ అనుకుంటూ వచ్చాను. అందులో సగమే నిజం.

ఇప్పటికీ వాడికి చెప్పలేదు. అది నువ్వు చెప్పాల్సింది. కానీ త్వరగా చెప్పమ్మా. పోతున్న రోజులు వాడివి.

ఆ వలయం సంగతి. పాతకాలం పైలట్లు చెబుతుంటే విన్నాను. నేనెప్పుడూ చూడలేదు. చూసి ఉంటే నేనూ మీట మర్చిపోయేవాణ్ణేమో. దిగాక దాన్ని తిప్పి ఉండేవాణ్ణో లేదో మాత్రం చెప్పలేను.

నువ్వు నా కోడలివే. అది ఉత్తరాల్లో తేలే విషయం కాదు.

మామయ్య


కళ్ళజోళ్ళ కొట్టు,
ఆగస్టు 9

మామయ్యా,

ఇది మీ అబ్బాయి కొట్టులో కూర్చుని రాస్తున్నాను. షెడ్డు పక్క గది ఖాళీ చేశాను.

ముందు ఆయనకి చెప్పాను. కళ్ళద్దం తుడుస్తున్నవాడు తుడుస్తూనే విన్నాడు. అయిపోయాక, "రెండు నెలల నుంచి నీ కళ్ళల్లో ఏదో ఉందని తెలుసు. అడిగితే అబద్ధం చెబుతావేమోనని అడగలేదు. చెబితే నేను నమ్మాల్సొచ్చేది," అన్నాడు. కొట్టు కట్టేసి నాతో వచ్చాడు. ఆఫీసు గేటు దగ్గర ఆగి, "లోపలికి రానా, బయట ఉండనా?" అన్నాడు. బయటే ఉండమన్నాను.

పెద్దాయన రెండుసార్లు చెప్పించుకున్నాడు. మొదటిసారి విననట్టే ఉన్నాడు. రెండోసారి పెన్ను మూత పెట్టేసి, "చప్పట్లు కొట్టామమ్మా నీకు," అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది. విచారణ వాళ్ళ ముందు మళ్ళీ చెప్పి, రాసి, సంతకం పెట్టాను. ఆరు నెలలు లైసెన్సు పక్కన పెట్టారు. పూర్తిగా పోతుందనుకున్నాను. తనంతట తానే వచ్చి చెప్పిందని రాశారట. నెలల తర్వాత చెప్పానన్నది కూడా రాశారు.

ఆ ఆరు నెలలూ షెడ్డులో కింది పని చేసుకుంటానని అడిగాను. విమానాలు కడగడం, పెట్రోలు నింపడం. పెద్దాయన సరేనన్నాడు.

మౌని గారికి ఆఫీసు నుంచి ఉత్తరం బయల్దేరింది. నేనూ ఒకటి పెట్టాను, అందులోనే. 'తప్పు నాది, మీ చేతిది కాదు' అని మొదలుపెట్టి, జరిగినదంతా రాశాను. క్షమించమని రాసి కొట్టేశాను. అది అడిగే హక్కు నాకు లేదనిపించింది.

బయటికొచ్చేసరికి మీ అబ్బాయి గేటు పక్కన నిలబడి, కాపలా మనిషి కళ్ళజోడు కాడ బిగించి పెడుతున్నాడు.

మీ కోడలు


కుట్టుమిషన్ల కొట్టు,
ఆగస్టు 16

అమ్మాయ్,

ఉత్తరం పగలు పదకొండింటికి వచ్చింది. మౌని నిలబడే చదివాడు. రెండు కాగితాలూ చదివి, మడిచి, జేబులో పెట్టుకుని, చేతిలో ఉన్న మిషన్‌కి బెల్టు తగిలించి, ఒక్కసారి బిగించి, తిప్పి చూసి, పక్కన పెట్టాడు. ఒక్కసారేనమ్మా. నాలుగుసార్లు కాదు.

తర్వాత నావైపు తిరిగాడు. "మీకు ముందే తెలుసా?" అన్నాడు. నాకు వినపడలేదని తప్పించుకోవచ్చు. ఊళ్ళో అందరితోనూ అలాగే తప్పించుకుంటాను. తెలుసన్నాను. "ఎప్పట్నించి?" అన్నాడు. నువ్వు రాకముందు నుంచే అన్నాను.

చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, గది తాళం నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం బస్సుకే బయల్దేరాడట.

వాడు నీ ఊరే వస్తున్నాడు. ఏమన్నా పడు.

మామయ్య


కళ్ళజోళ్ళ కొట్టు,
ఆగస్టు 25

మామయ్యా,

వచ్చారు. నేను రెండో విమానం రెక్క తుడుస్తున్నాను. షెడ్డులోకి నేరుగా వచ్చి, తన పనిముట్ల పెట్టె తెరిచి, అన్నీ ఉన్నాయో లేదో చూసుకున్నారు. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"ఎంతసేపు చూశారు ఆ నీడని?" అని అడిగారు.

"యాభై నిమిషాలు," అన్నాను.

నేలమీద నూనె మరకని బూటుతో రుద్దారు. "నలభై ఆరు రోజులు," అన్నారు చివరికి, "నా చేతులు నావి కావనుకున్నాను." తర్వాత, "మీ విమానానికి నేను సంతకం పెట్టను. ఇంకెవరైనా పెడతారు," అన్నారు.

ఎగిరేముందు మెకానిక్ పుస్తకంలో పెట్టే సంతకం సంగతి అది. సరేనండీ అన్నాను. ఆయన పెట్టె మూసి ఇంజన్ దగ్గరికి వెళ్ళిపోయారు. నేను రెక్క తుడిచాను. ఒకే కప్పు కింద ఉంటున్నాం, మామయ్యా. నేను పట్టిన నీళ్ళ బకెట్టు ఆయన జరిపి పెడతారు, ఆయన వదిలిన గుడ్డ నేను ఉతికి ఆరేస్తాను. మాటలైతే లేవు.

ఈమధ్య కలలు రావట్లేదు. తెల్లారేదాకా మొద్దులా పడుకుంటున్నాను.

మీ కోడలు


కుట్టుమిషన్ల కొట్టు,
డిసెంబరు 12

అమ్మాయ్,

ఈ ఏడు పొగమంచు బాగా పడుతోంది. పొద్దున్న కొట్టు తెరిస్తే వీధి అవతల దర్జీ కనపడడు, ఆయన మిషన్ మీద వేసిన ఎర్రగుడ్డ మాత్రం గాల్లో తేలుతున్నట్టుంటుంది. మబ్బు లోపల ఎలా ఉంటుందో నువ్వు రాసింది గుర్తొస్తుంది.

ముందు మౌని నెలకో ఆదివారం వచ్చేవాడు. ఇద్దరం మాట్లాడుకునేదేం లేదు. నాకు వినపడదు, వాడు మాట్లాడడు, జత బాగా కుదిరింది. ఊరికే ఎదురుబొదురుగా కూర్చుని టీ తాగేవాళ్ళం. ఆగస్టు నుంచీ రాలేదు. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. తప్పు వాడిది కాదు. ఆదివారం కొట్టు తెరిచి ఉంచుతున్నానని మీ అత్తయ్య గొణుగుతోంది. ఆదివారం మిషన్లెవరు తెస్తారు అంటుంది. నిజమే, ఎవరూ తేవట్లేదు.

వాడితో ఏమీ చెప్పకు. ఊరికే నీకు రాశాను.

మామయ్య


విమానాల షెడ్డు పక్క గది,
ఫిబ్రవరి 18

మామయ్యా,

నిన్న ఎగిరాను.

లైసెన్సు తిరిగొచ్చి వారమైంది. గాలి, ఎండ, తలనొప్పి అన్నీ వరసగా వచ్చాయి. నిన్న ఏవీ రాలేదు. కొత్త మెకానిక్ చూసి, పుస్తకంలో సంతకం పెట్టాడు. ఒక్కదాన్నే ఎక్కి, బెల్టు పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. షెడ్డులో అందరూ ఏదో పని ఉన్నట్టు అటు తిరిగారు.

పక్క తలుపు తెరుచుకుంది. మౌని గారు ఎక్కి కూర్చున్నారు.

"సంతకం పెట్టనన్నారు కదా," అన్నాను.

"ఎక్కనని అనలేదు," అన్నారు బెల్టు వెతుక్కుంటూ. అది ఎలా పెట్టుకోవాలో ఆయనకి తెలియలేదు, మామయ్యా. ఇరవై రెండేళ్ళుగా విమానాలు బాగుచేస్తున్నారు, ఒక్కసారీ ఎగరలేదట. ఎవరూ రమ్మనలేదట, ఆయన అడగలేదట. నేనే పెట్టాను.

చక్రాలు నేల విడవగానే రెండు చేతులతో సీటు అంచులు పట్టుకున్నారు. కాసేపటికి ఒక చెయ్యి వదిలారు. ఇంకాసేపటికి రెండోది. ముందు ఇంజన్ మోతే విన్నారు, తల ఓరగా పెట్టి, మీరు వినేవారే, అలాగే. ఆ తర్వాత అదీ మర్చిపోయారు. నది ఎండలో సన్నటి తీగలా మెరుస్తోంది. మేకల మంద ఒకటి దిబ్బ మీద తెల్లగా ఒలికిపోయింది. కింద ఒక ఇంటి మీద ఆరేసిన చీర ఎగురుతోంది, అంత ఎత్తు నుంచి చిన్న వేలంత. ఆయన నుదురు అద్దానికి ఆనించి చూస్తున్నారు. ఊపిరికి అద్దం మసకబారితే తుడిచి మళ్ళీ చూస్తున్నారు.

అరగంట అయింది. మీట మీద చెయ్యి వేశాను. పైకే చెప్పాను, "ట్యాంకు మారుస్తున్నానండీ."

"ఊఁ," అన్నారు. ఇటు తిరగలేదు. మీట ఎటు ఉందో, ఎటు తిప్పానో చూడలేదు. కిటికీలోంచి బయటికే చూస్తున్నారు.

నాకు కళ్ళు మసకలేశాయి. ముళ్ళు కనపడక, నాలుగైదుసార్లు రెప్పలు కొట్టుకోవాల్సొచ్చింది.

దిగాక కాసేపు నేలమీద తూలుతూ నడిచారు. ఇంజన్ మూత మీద చెయ్యి వేసి, వేడి చూసి, చొక్కా చేతులు మడుచుకున్నారు. నేను పుస్తకంలో టైము రాస్తుంటే వెనక నుంచి అడిగారు.

"గురువు గారికి ఉత్తరం రాస్తుంటారా?"

రాస్తుంటానన్నాను.

"ఆదివారం వస్తానని రాయండి."

మామయ్యా, ఆదివారం వస్తారట.

మీ కోడలు